పరాయి ఊరిలో పలకరించే వీధి
(రేడియో ప్రసంగ పాఠం)

  పనిలో ఉన్నవాళ్లు పని ఆపనక్కరలేదు. చేతులు పని చేసుకుంటుండగా చెవులు మాత్రం ఇటు ఇవ్వండి, చాలు.

మెదక్ జిల్లా నుండి ఒక తల్లి రాసిన ఉత్తరం నా ముందున్నది. ఆ తల్లి ఇలా రాశారు. "అయ్యగారూ, మా అమ్మాయికి సికింద్రాబాదులో నాలుగు నెలల ట్రైనింగు వచ్చింది. మా బిడ్డ ఎన్నడూ ఒక్కతే ఉండలేదు. దానికి క్షేమంగా ఉండే చోటు కావాలి. అట్లని నాలుగు గోడల మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చోవద్దు. నలుగురు తిరిగే చోటు కావాలి. రెండూ ఒక్కచోట దొరుకుతాయా? దొరికితే ఎక్కడ దొరుకుతాయి?"

ఈ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదువుకున్నాను. ఇది ఒక్క తల్లి ప్రశ్న కాదు. ఈ కార్యక్రమం వింటున్న ఎన్నో ఇళ్లలో ఉన్న ప్రశ్న. కొడుకును పోటీ పరీక్షల శిక్షణకు పంపినవాళ్లున్నారు. ఆసుపత్రిలో ఉన్న తండ్రికి తోడుగా వెళ్లి నెలల తరబడి ఉండవలసి వచ్చినవాళ్లున్నారు. బదిలీ మీద ఆరు నెలలు వెళ్లినవాళ్లున్నారు. అందుచేత ఈనాటి మన ప్రసంగాన్ని ఆ తల్లి ప్రశ్నకే కేటాయిద్దాం.

మొదట ఒక మాట గమనించండి. మనం సాధారణంగా ఏమనుకుంటాం? క్షేమం వేరు, సందడి వేరు అనుకుంటాం. నిశ్శబ్దంగా ఉన్న కాలనీ, ఎత్తైన ప్రహరీ, తాళం వేసిన గేటు కనబడితే అది క్షేమమైన చోటని నమ్ముతాం. బజారు, బండ్లు, జనం కనబడితే అమ్మాయికి అది తగని చోటు అనుకుంటాం. ప్రియులారా, ఈ లెక్క చాలాసార్లు తప్పవుతుంది. అది తప్పని మా కుటుంబం కష్టపడి నేర్చుకున్నది. ఆ సంగతి చెప్పే ముందు ఆ ఊరి గురించి రెండు మాటలు చెప్పనివ్వండి.

సికింద్రాబాదును పాతవాళ్లు ఇప్పటికీ ఏమంటారు? లష్కర్ అంటారు. లష్కర్ అంటే సైన్యం, దండు. 1798లో నిజాముకు, ఇంగ్లీషు వారికి మధ్య జరిగిన ఒప్పందం ప్రకారం కంపెనీ సైన్యం వచ్చి హుస్సేన్ సాగరుకు ఉత్తరాన గుడారాలు వేసింది. 1806లో ఆ దండు విడిసిన చోటికి మూడవ నిజాము సికందర్ జా పేరు పెట్టారు. అంటే ఏమిటి? ఈ ఊరికి పునాది వేసినవాళ్లు ఈ ఊరివాళ్లు కారు. ఉండిపోదామని వచ్చినవాళ్లు అసలే కారు. సిపాయిలు, వాళ్ల వెంట వచ్చిన వంటవాళ్లు, చాకళ్లు, బట్టల వర్తకులు, బండి తోలేవాళ్లు. వాళ్లలో తమిళులున్నారు, తెలుగువారున్నారు, ఉత్తరాది వారున్నారు. 1874లో వాడి నుండి రైలు మార్గం వచ్చింది. దానితో రైల్వే పనివాళ్లు వచ్చారు. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి దాని ముఖ్య కార్యాలయం ఇక్కడికే వచ్చింది. నాలుగు రోజుల కోసం వేసిన గుడారమే ఊరైన చోటు ఇది. కాబట్టి అమ్మా, మీ బిడ్డ ఈ ఊరికి కొత్తే గాని, కొత్తవాళ్లు ఈ ఊరికి కొత్త కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. మా అక్కయ్య కూతురికి కొన్నేళ్ల క్రితం ఇలాగే సికింద్రాబాదులో నాలుగు నెలల శిక్షణ పడింది. నర్సింగు చదివిన పిల్ల. ఆ రోజుల్లో మేమందరం విజయవాడలో ఉండేవాళ్లం. గది వెదకడానికి ఆమెతో వెళ్లింది నేనే. రెండు రోజులు తిరిగి ఒక గది ఖాయం చేశాను. చాలా నిశ్శబ్దమైన వీధి. మూడంతస్తుల ఇల్లు, మేడ మీద గది. ఇనుప గేటు, గేటుకు కెమెరా. వీధిలో ఒక్క దుకాణం లేదు, ఒక్క బండి నిలవదు. యజమాని మరో చోట ఉంటారు, అద్దె ఫోనులోనే పంపించాలి. "ఇంతకంటే క్షేమమైన చోటు దొరకదమ్మా" అని నేనే మా అక్కయ్యకు గర్వంగా చెప్పాను.

రెండో నెలలో ఆ పిల్లకు జ్వరం వచ్చింది. మాకు చెబితే కంగారు పడతామని చెప్పలేదు. మాత్రలు వేసుకుని పడుకుంది. ఒక రోజు గడిచింది, రెండో రోజు గడిచింది. తలుపు వేసే ఉంది. కింది అంతస్తు వాళ్లకు మేడ మీద ఎవరున్నారో తెలియదు. మూడో రోజు ఫోను ఎత్తకపోయేసరికి మా అక్కయ్యకు భయమేసింది. ఆమెతో శిక్షణలో ఉన్న మరో అమ్మాయిని బతిమాలి పంపించి, నేను రైలెక్కాను. నేను దిగేసరికి ఆసుపత్రిలో చేర్చారు. డెంగ్యూ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. వారం రోజులకు కోలుకుంది.

ఆ వారంలో ఒక రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను ఆలోచించాను. గేటు ఉంది. తాళం ఉంది. కెమెరా ఉంది. మూడు రోజులు ఆ పిల్ల గేటు దాటి బయటికి రాలేదని ఆ కెమెరాకు తెలుసు. కాని అయ్యో, ఈ పిల్ల కనబడడం లేదే అని కెమెరా అనుకోలేదు. అలా అనుకునేది మనిషే. నేను ఆ పిల్లకు మంచి గోడలు వెదికాను గాని, ఒక్క మనిషిని వెదకలేదు. దొంగలు రాకుండా చూశాను. అయితే ఆపదలో ఆదుకునేవాళ్లు కూడా రాలేని చోటు అది.

ప్రియులారా, ఈ అనుభవంలో నుండి మూడు సంగతులు మీ ముందు పెడుతున్నాను. వీలైతే కాగితం మీద రాసుకోండి. మొదటిది, చూసే కన్నులున్న వీధి. రెండవది, బయటికి దారి ఉన్న ఇల్లు. మూడవది, పేరు పెట్టి పిలిచే మనుషులు.

మొదటి సంగతి, చూసే కన్నులున్న వీధి. అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఒక పత్రికా రచయిత్రి ఉండేవారు. ఆమె న్యూయార్కులో, కింద దుకాణాలు, పైన ఇళ్లు ఉండే ఒక సందడి వీధిలో కాపురం ఉండేవారు. 1961లో నగరాల గురించి ఆమె రాసిన పుస్తకం చాలా పేరు పొందింది. వీధిని కాపాడేది మొదట పోలీసులు కాదు, ఆ వీధి వైపు చూస్తూ ఉండే మామూలు మనుషుల కళ్లే అని ఆమె చెప్పారు. ఒకసారి ఆ వీధిలో ఒక మనిషి ఒక చిన్న పిల్లను చెయ్యి పట్టి లాగుతున్నాడట. పిల్ల రానంటున్నది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. అయినా దుకాణాల్లోంచి ఒక్కొక్కరు బయటికి వచ్చి నిలబడ్డారు, కిటికీల్లోంచి చూశారు. చివరికి ఆ మనిషి ఆ పిల్ల తండ్రేనని తేలింది. తండ్రి అయినా సరే, ఆ వీధి చూస్తూనే ఉంది.

మన వీధుల్లో ఆ కన్నులెవరివి? కిరాణా దుకాణంలో కూర్చున్న అమ్మవి. ఇస్త్రీ బండి దగ్గర నిలబడే పెద్దాయనవి. పొద్దున్నే ఇడ్లీ బండి పెట్టే భార్యాభర్తలవి. మెడికల్ షాపు కుర్రవాడివి. ఆటో స్టాండులో ఉన్నవాళ్లవి. అరుగు మీద కూర్చుని కూరగాయలు తరిగే అమ్మమ్మవి. వీళ్లెవరికీ ఆ పనికి జీతం లేదు. తమ బతుకు తాము బతుకుతూనే వీధిని కాస్తున్నారు.

అయితే ఇక్కడ జాగ్రత్తగా వినండి. సందడిలో రెండు రకాలున్నాయి. సికింద్రాబాదులో జనరల్ బజారు ఉంది, రాణీగంజ్ ఉంది. పగలంతా అడుగు పెట్టడానికి చోటుండదు. రాత్రి షట్టర్లు దించారంటే వీధంతా ఖాళీ. అది బేరం కోసం వచ్చే సందడి, బేరంతోనే వెళ్లిపోతుంది. మనకు కావలసింది కాపురాల సందడి. ఇళ్లూ దుకాణాలూ కలిసి ఉన్న వీధి. అందుకని గది చూడడానికి మధ్యాహ్నం ఒక్కసారి వెళ్లి అడ్వాన్సు ఇచ్చి రావద్దు. ఒకే వీధికి మూడు వేళల్లో వెళ్లండి. పొద్దున్న పాలు వచ్చే వేళ, రాత్రి తొమ్మిదిన్నర వేళ, ఆదివారం మధ్యాహ్నం. రాత్రి ఆ వీధిలో ఆడవాళ్లు, పిల్లలు నడుస్తున్నారా? దీపాలు వెలుగుతున్నాయా? బస్సు దిగిన చోటి నుండి, మెట్రో దిగిన చోటి నుండి ఇంటి దాకా మీరే నడిచి చూడండి. గది గురించి యజమానిని అడగండి. వీధి గురించి మాత్రం యజమానిని కాదు, అక్కడ ఇంటికి వెళుతున్న ఆడపిల్లలను అడగండి.

ఆ తల్లి ఎక్కడ అని కూడా అడిగారు. ఒక్క చోటు పేరు చెప్పి అదే మంచిదని నేననను. మీ బిడ్డ రోజూ ఎక్కడికి వెళ్లాలో దాన్ని బట్టి వెదకాలి. గాంధీ ఆసుపత్రి 2003లో స్టేషను దగ్గర నుండి ముషీరాబాదుకు మారింది. దాని చుట్టుపక్కల పనైతే పద్మారావు నగర్, వారాసిగూడ, సీతాఫల్‌మండి వైపు చూడండి. మధ్యతరగతి కాపురాలు, టిఫిన్ సెంటర్లు, దగ్గర దగ్గర దుకాణాలు ఉంటాయి. తార్నాక, మెట్టుగూడ, లాలాగూడ వైపు రైల్వే కుటుంబాలు, ఉస్మానియా విశ్వవిద్యాలయం విద్యార్థులు ఎక్కువ. తార్నాక, మెట్టుగూడ రెండింటికీ మెట్రో స్టేషన్లున్నాయి. మారేడ్‌పల్లి చెట్లున్న పాత పేట, అద్దె కాస్త ఎక్కువ. కార్ఖానా, తిరుమలగిరి కంటోన్మెంటు వైపు. అక్కడ మిలిటరీ స్థలాల మధ్య నుండి పోయే దారులుంటాయి, రాత్రి ఏ దారి తెరిచి ఉంటుందో ముందే కనుక్కోవాలి. మెదక్ నుండి వచ్చేవాళ్లకు జూబిలీ బస్ స్టేషను తెలిసిందే. 2020 ఫిబ్రవరి నుండి ఆ పక్కనే మెట్రో కూడా ఉంది. అక్కడ ఎక్కితే రెండో స్టేషనే గాంధీ ఆసుపత్రి. ఇంకొక సంగతి, 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో టికెట్టు ఉచితం. మీ అమ్మాయి తన ఆధార్ కార్డు వెంట ఉంచుకోవాలి. ఒకటి మాత్రం చెబుతాను. వెయ్యి రూపాయల అద్దె మిగులుతుందని బస్సు దొరకని చోట గది తీసుకోవద్దు. ఆ వెయ్యి ఆటోలకే పోతుంది, రాత్రి భయం మాత్రం మిగులుతుంది.

ఇక రెండవ సంగతి, బయటికి దారి ఉన్న ఇల్లు. ఇది చెప్పడానికి నాకు మనసు బరువెక్కుతున్నది. అయినా చెప్పాలి.

2022 మార్చి 23న తెల్లవారుజామున సికింద్రాబాదు బోయిగూడలో ఒక తుక్కు గోదాములో మంటలు లేచాయి. పై అంతస్తులో బీహారు నుండి పనికి వచ్చిన కూలీలు నిద్రపోతున్నారు. దిగడానికి ఉన్నది ఒక్కటే మెట్లదారి, కింద మంటలు. 11 మంది చనిపోయారు. అదే సంవత్సరం సెప్టెంబరు 12 రాత్రి స్టేషనుకు దగ్గరలోనే ఒక లాడ్జి. దాని కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూము. బ్యాటరీల దగ్గర మొదలైన మంట, పొగ మెట్ల మీదుగా పైకెక్కింది. ఏవో పనుల మీద ఊరికి వచ్చి ఆ రాత్రికి బస చేసినవాళ్లున్న చోటు అది. 8 మంది చనిపోయారు. 2023 మార్చి 16 సాయంత్రం స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచి, పొగ నిండి 6 గురు చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు. ఉద్యోగం కోసం జిల్లాల నుండి వచ్చినవాళ్లు.

గమనించండి, ప్రియులారా. ఏడాది లోపల, ఒకే ఊళ్లో, 25 ప్రాణాలు. వాళ్లలో ఎక్కువ మంది బతుకుతెరువు కోసమో, పని మీదో బయటి నుండి వచ్చినవాళ్లే. మన పిల్లల్లాంటివాళ్లే. మనం గది చూసేటప్పుడు ఫ్యాను తిరుగుతుందా, నీళ్లు వస్తాయా, వైఫై ఉందా అని అడుగుతాం. ఇంట్లో మంట లేస్తే మా అమ్మాయి ఎటు నుండి బయటికి వస్తుంది అని ఎంతమంది అడుగుతాం?

అడగండి. సిగ్గుపడవద్దు. కింద ఏముంది? గ్యాసు సిలిండర్ల నిల్వ, రంగుల గోదాము, బండ్ల బ్యాటరీలు చార్జింగు పెట్టే సెల్లారు ఉంటే పైన గది ఎంత బాగున్నా వద్దు. మెట్లు రెండు వైపులా ఉన్నాయా? ఒక్కటే ఉంటే, ఆ మెట్ల మీద పాత మంచాలు, డబ్బాలు పేర్చి ఉన్నాయా? రాత్రి గేటుకు తాళం వేస్తారా? వేస్తే తాళంచెవి లోపలివాళ్ల చేతికందుతుందా? హాస్టలు వార్డెను తాళం వేసి తాళంచెవి పట్టుకుని పోయే చోట మీ బిడ్డను ఉంచవద్దు. అది క్షేమం కాదు, బందిఖానా. కిటికీలన్నిటికీ బిగించిన గ్రిల్సే ఉంటే, ఒక్కటైనా తెరుచుకునేది ఉండాలి. మేడ మీదికి వెళ్లే తలుపు తెరిచి ఉండాలి. చేరిన మొదటి రాత్రే కళ్లు మూసుకున్నా దిగగలిగేలా ఆ దారి రెండుసార్లు నడిచి చూడమని పిల్లలకు చెప్పండి.

వానాకాలం సంగతి కూడా అడగాలి. ఈ నగరంలో నాలాలున్నాయి. 2023 ఏప్రిల్‌లో, ఎండాకాలంలో పడిన వానకే సికింద్రాబాదు కళాసిగూడలో ఒక చిన్న పాప నాలాలో పడి చనిపోయింది. పాలపొట్లం కోసం పొద్దున్నే బయటికి వచ్చిన పిల్ల. కాబట్టి వానొస్తే ఈ వీధిలో నీళ్లు ఎంతవరకు వస్తాయి అని దుకాణం వాళ్లను అడగండి. గోడల మీద పాత నీటి చారలు కనబడితే అవి కూడా సాక్ష్యమే.

డబ్బు సంగతిలో కూడా బయటికి దారి ఉండాలి. నాలుగు నెలలకు వచ్చినవాళ్లు నాలుగు నెలలకు వెళ్లిపోగలగాలి. సామాన్యంగా ఇక్కడ ఒకటి రెండు నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. అగ్రిమెంటు పదకొండు నెలలకు రాస్తారు. ఏడాది దాటిన అద్దె పత్రాన్ని రిజిస్ట్రేషను చేయించాలన్న చట్టం ఉంది గనుక అలా రాసుకుంటారు. అందులో మీరు నాలుగు నెలలకే ఖాళీ చేస్తే అడ్వాన్సు తిరిగి వస్తుందా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రంగుల ఖర్చని ఎంత పట్టుకుంటారు, ఈ మూడూ రాయించుకోండి. నోటి మాట వద్దు. ఇల్లు చూడకుండా, మనిషిని చూడకుండా ఫోనులో డబ్బు పంపవద్దు. నేను మిలిటరీ ఆఫీసరును, బదిలీ అయ్యింది, ముందు అడ్వాన్సు పంపితే తాళం ఇప్పిస్తాను అని చెప్పే మోసగాళ్లున్నారు. కంటోన్మెంటు ఊరు గనుక ఆ మాట నిజమనే అనిపిస్తుంది. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

మూడవ సంగతి, పేరు పెట్టి పిలిచే మనుషులు. ప్రియులారా, మంచి వీధి దొరికింది, మంచి గది దొరికింది. అంతటితో సరిపోయిందా? సరిపోలేదు. ఎందుకంటే, నాలుగు నెలలకు వచ్చినవాళ్లలో ఒక బలహీనత ఉంటుంది. నాలుగు నెలలే కదా, ఎవరితో పరిచయం ఎందుకు అనుకుంటారు. తల వంచుకుని వెళతారు, తల వంచుకుని వస్తారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వందమంది ఉన్న వీధిలో కూడా ఆ పిల్ల ఒంటరిదే. వీధికి కన్నులున్నాయి గాని, ఆ కన్నులకు ఈ పిల్ల ఎవరో తెలియదు.

బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం మనకు తెలుసు. వాళ్లు ఏమనుకున్నారు? రేపో మాపో వెళ్లిపోతామనుకున్నారు. మూటలు విప్పకుండా కూర్చుందామనుకున్నారు. ఆయన మాత్రం అక్కడే ఇళ్లు కట్టుకుని కాపురాలు చేయమని, ఆ పరాయి ఊరి మేలు కోరమని, ఊరి మేలులోనే వాళ్ల మేలు కూడా ఉందని రాశాడు. నాలుగు నెలలైనా అంతే. ఉన్నన్ని రోజులూ ఆ వీధి మనది.

అయితే ఏం చేయాలి? పెద్ద పనులేమీ కాదు. పాలు, కూరగాయలు ఫోనులో తెప్పించుకోకుండా వారానికి రెండు మూడు సార్లైనా వీధి దుకాణంలోనే కొనమనండి. రెండు రూపాయలు ఎక్కువైనా పరవాలేదు. ఆ రెండు రూపాయలకు ఒక మనిషి మనను గుర్తుపెట్టుకుంటారు. వెళుతూ వస్తూ ఒక నమస్కారం పెట్టమనండి. పక్క గది వాళ్ల ఫోను నంబరు తీసుకుని, మన ఇంటి నంబరు వాళ్లకు ఇమ్మనండి. సమయానికి రాకపోతే, తలుపు తీయకపోతే, ఈ నంబరుకు చెప్పండి అని ఒక్కరికైనా చెప్పి ఉంచాలి. ఆపద వస్తే 112, అగ్నిప్రమాదమైతే 101, ఆడవాళ్ల సహాయానికి 181. హైదరాబాదు పోలీసులు 2014 అక్టోబరులో షీ టీములు మొదలుపెట్టారు. ఎవడైనా వెంటపడితే, ఇబ్బంది పెడితే మౌనంగా భరించవద్దని పిల్లలకు ధైర్యం చెప్పండి. నంబర్లన్నీ మంచివే. అయితే నంబరుకు ఫోను చేయాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి గదా! జ్వరంతో మూసిన తలుపు వెనుక ఉన్నప్పుడు తలుపు తట్టేది వీధి మనిషే.

అన్ని కళ్లూ మంచివి కావు గదా అని మీరడగవచ్చు. నిజమే. పలకరించమన్నాను గాని, అందరినీ నమ్మమనలేదు. ఒంటరిగా ఉంటున్నానని అందరికీ చెప్పుకోనక్కరలేదు. పరిచయం వీధిలో, పదిమంది ఎదుట ఉండాలి. అతిగా ఆరా తీసే మనిషి ఎవరో ఆ వీధిలోని ఆడవాళ్లే నాలుగు రోజుల్లో చెబుతారు. దానికి కూడా పరిచయమే కావాలి.

ఇక ఒక్క మాట. మీలో కొందరు సికింద్రాబాదులోనే ఉండి ఈ ప్రసంగం వింటున్నారు. మీకు ఇల్లుంది, బంధువులున్నారు. మీ వీధిలో, మీ మేడ మీది గదిలో, మీ పక్క హాస్టలులో ఎవరో కొత్తగా దిగారు. వాళ్ల పేరు మీకు తెలుసా? అద్దె ఏ తేదీన ఇవ్వాలో చెప్పారు. ఏదైనా అవసరమైతే పిలువమ్మా అని చెప్పారా? మీ ఇంటి మెట్ల మీద సామాను పేర్చి ఉంటే ఈ రోజే తీసేయండి. రెండు రోజులుగా కనబడని పిల్ల తలుపు ఒక్కసారి తట్టండి. వాళ్ల సంగతి మనకెందుకు అనుకోవద్దు. మీ బిడ్డ కూడా ఈ రోజు ఏదో ఊళ్లో ఎవరి మేడ మీదో అద్దెకుంది. ఆమె తలుపు ఎవరు తట్టాలని మీరు కోరుకుంటారు?

మా మేనకోడలి సంగతి సగంలో ఆపాను. ఆసుపత్రి నుండి వచ్చాక గది మార్చాం. ఈసారి పద్మారావు నగర్‌లో ఒక కిరాణా దుకాణం పైన గది. ఇరుకు గది. పొద్దున్న ఐదింటికే కింద పాల డబ్బాల చప్పుడు. ఎదురుగా ఇడ్లీ బండి. నిద్ర పట్టదు మావయ్యా అని మొదటి వారం నాకు ఫోను చేసింది. ఒక నెల గడిచింది. ఒక రాత్రి వాన పడి, డ్యూటీ నుండి వచ్చేసరికి పదిన్నర దాటింది. దుకాణం తొమ్మిదిన్నరకే మూసేవాళ్లు. కాని షట్టరు సగం దించి, లోపల దీపం పెట్టుకుని ఆ దుకాణం అమ్మ స్టూలు మీద కూర్చుని ఉందట. ఈ పిల్లను చూడగానే, "ఏం బిడ్డా, ఇంత ఆలస్యమాయె? నువ్వు రాలేదని కూసున్న" అని, షట్టరు పూర్తిగా దించి లోపలికి వెళ్లిపోయిందట. అంతే. ఆ రాత్రి మా మేనకోడలు నాకు మళ్లీ ఫోను చేసింది. "మావయ్యా, ఇక్కడ నేను రాలేదని చూసేవాళ్లున్నారు" అన్నది. ఆ తరువాత నిద్ర పట్టడం లేదని ఎప్పుడూ చెప్పలేదు.

మెదక్ జిల్లా నుండి రాసిన అమ్మా, మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. క్షేమం, సందడి, రెండూ ఒక్కచోట దొరుకుతాయా అని అడిగారు. దొరుకుతాయి. మీ బిడ్డను తీసుకుని మీరే ఒకసారి వెళ్లండి. రాత్రి తొమ్మిదిన్నరకు ఆ వీధిలో నిలబడండి. మెట్లు చూడండి. తరువాత కింద ఉన్న దుకాణంలో పావుకిలో చక్కెర కొని, ఆ దుకాణం అమ్మకు మీ బిడ్డ పేరు చెప్పి రండి. గది అడ్వాన్సు కంటే ముందు ఇచ్చి రావలసింది ఆ పేరు.

శ్రోతలారా, మీ పిల్లలు పరాయి ఊళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారో, వాళ్లకు అక్కడ ఎవరు తోడు నిలిచారో మాకు రాయండి. ఈ ప్రసంగం మరొకరికి ఉపయోగపడుతుందనుకుంటే వాళ్లకు చెప్పండి. వచ్చే వారం ఇదే సమయానికి మళ్లీ కలుసుకుందాం. అంతవరకు మీ ఇంట్లోనూ, మీ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ క్షేమం ఉండును గాక.